మియాటా వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

ముందు చక్రాల ప్యాడ్లు సొంతంగా మార్చుకున్న ధైర్యంతో వెనక చక్రం విప్పి, కాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీదకు అదిమే భాగం) పిస్టన్ మీద సీ-క్లాంప్ (మర తిప్పి బిగించే పట్టకారు) పెట్టి బిగించేవాళ్లు చాలామంది. మాజ్డా మియాటాలో నష్టం అక్కడే మొదలవుతుంది. పిస్టన్ కదలదు. ఇంకాస్త బలం పెడతారు. లోపలి యంత్రాంగం దెబ్బతింటుంది. ఒక పూటలో తేలికగా అయిపోయే పని కాస్తా కొత్త కాలిపర్ కొనే ఖర్చుగా మారుతుంది. కావలసిందల్లా ఒక చిన్న ఆలెన్ కీ (ఆరు పక్కలుండే వంకర కడ్డీ పానా), అది ఎక్కడ పెట్టాలన్న ఎరుక. మిగతా పని ముందు చక్రాల కంటే పెద్ద కష్టమేమీ కాదు.

ఇక్కడ చెప్పే పద్ధతి మొదటి రెండు తరాల మియాటాలకు, అంటే 1989 నుంచి 1997 దాకా వచ్చిన ఎన్ఏ, 1998 నుంచి 2005 దాకా వచ్చిన ఎన్‌బీ కార్లకు వర్తిస్తుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారు 2016 ఏప్రిల్ నాటికి పది లక్షలు తయారైంది. అమెరికాలో ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో సరదాగా నడుపుకోవడానికి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు వెతుక్కునే మనవాళ్లకు ఇది ఇప్పటికీ మంచి ఎంపిక. విడిభాగాలు దొరుకుతాయి, బానెట్ ఎత్తితే ప్రతిదీ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

వెనక బ్రేకు ఎందుకు వేరు

మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనక డ్రమ్ములే ఉంటాయి. అందుకే ఇండియాలో కార్ల పని కొంత నేర్చుకుని వచ్చినవాళ్లకు కూడా వెనక డిస్కు కొత్తగానే అనిపిస్తుంది. మియాటాలో నాలుగు చక్రాలకూ డిస్కులే. మరి హ్యాండ్‌బ్రేకు ఎక్కడుంది? వెనక కాలిపర్లలోనే ఉంది. మీరు లివర్ లాగితే కేబుల్ వెళ్లి కాలిపర్ వెనకున్న చిన్న చేతిని తిప్పుతుంది. ఆ చేయి లోపలున్న మరను నెట్టి, పిస్టన్‌ను ప్యాడు మీదకు అదుముతుంది.

ప్యాడు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరగాలి కదా. దానికి తగ్గట్టు ఆ మర కూడా తనంతట తానే కొద్దికొద్దిగా ముందుకు వస్తుంది. ముందుకు వచ్చిన మరను వెనక్కి తిప్పి తేవాలే తప్ప, నేరుగా నెడితే పోదు. సీ-క్లాంప్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. వెనక్కి తిప్పడానికి మాజ్డా ఇంజనీర్లు కాలిపర్ వెనక ఒక దారి ఇచ్చారు. 14 ఎంఎం తల ఉన్న ఒక బోల్టు మూతలా బిగించి ఉంటుంది. అది తీస్తే లోపల 4 ఎంఎం ఆలెన్ కీ పట్టే సర్దుబాటు గేరు ఉంటుంది. గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పితే పిస్టన్ లోపలికి పోతుంది. ముల్లు తిరిగే దిక్కున తిప్పితే బయటికి వస్తుంది. ఈ రెండు వాక్యాలు గ్యారేజీ గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పులేదు.

ప్యాడ్లు కొనేటప్పుడు

విడిభాగాల షాపులో ‘మియాటా’ అంటే సరిపోదు, కారు సంవత్సరం చెప్పాలి. 1990-93 నాటి 1.6 లీటర్ కార్లలో వెనక డిస్కు 231 ఎంఎం. 1994లో 1.8 ఇంజన్‌తో పాటు 251 ఎంఎం డిస్కు వచ్చింది. 2001 నుంచి స్పోర్ట్ బ్రేకులతో వచ్చిన కొన్ని కార్లలో ఇంకా పెద్దవి ఉన్నాయి. పాత కారు కాబట్టి ముందు యజమాని ఎవరైనా పెద్ద బ్రేకులు వేయించి ఉండొచ్చు. చక్రం విప్పి చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ప్యాడు అంచు మీద అచ్చైన కోడ్ చివర రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కినప్పటి పట్టు. ‘ఇ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. రోజువారీ నడకకు ‘ఎఫ్ఎఫ్’ చక్కగా సరిపోతుంది. పెట్టె మీద మూడు ఆకుల గుర్తు కూడా చూస్తారు. అది ప్యాడులో రాగి ఎంతుందో చెబుతుంది. మూడు ఆకులూ నిండి, ‘ఎన్’ అని ఉంటే రాగి అర శాతం కంటే తక్కువ. బ్రేకు ధూళిలోని రాగి వాన నీళ్లతో వాగుల్లోకి చేరి చేపలకు హాని చేస్తోందని కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు చట్టాలు చేశాక ఈ గుర్తు వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ముందు మామూలు ప్యాడ్లు ఉంచి, వెనక మాత్రం ట్రాక్ మీద వాడే గట్టి పట్టు ప్యాడ్లు వేయొద్దు. బ్రేకు తొక్కగానే బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు వెనక పట్టు ఎక్కువైతే ముందు చక్రాల కంటే ముందే వెనకవి లాక్ అవుతాయి. మలుపులో అలా జరిగితే కారు గిర్రున తిరుగుతుంది. వెనక ప్యాడు ముందు దానితో సమానమైన రకంగానైనా ఉండాలి, లేదా దానికంటే కొంచెం తక్కువ పట్టుతోనైనా ఉండాలి. ప్యాడ్లు ఎప్పుడూ రెండు పక్కలా కలిపే మార్చాలి. ఒక్క పక్క మారిస్తే కారు ఒకవైపు లాగుతుంది.

చేతిలో ఉండాల్సినవి

ఫ్లోర్ జాకీ, రెండు జాకీ స్టాండ్లు, ముందు చక్రాలకు అడ్డు దిమ్మలు. చక్రం నట్లకు 21 ఎంఎం సాకెట్, పొడవాటి హ్యాండిల్, టార్క్ రెంచ్ (ఎంత బిగువుకు బిగించామో కొలిచే పానా). సాకెట్ సెట్టు, 14 ఎంఎం రింగు పానా, మంచి ఉక్కుతో చేసిన 4 ఎంఎం ఆలెన్ కీ. బ్రేక్ క్లీనర్ డబ్బా, వైరు బ్రష్, తుప్పు వదిలించే నూనె. బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ లేదా సింథటిక్ గ్రీజు. కాలిపర్ వేలాడదీయడానికి గట్టి తీగ. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు.

గ్రీజు దగ్గర పొదుపు చేయకండి. బేరింగులకు వాడే మామూలు పెట్రోలియం గ్రీజు గైడ్ పిన్నుల (కాలిపర్ అటూ ఇటూ జారే కడ్డీల) రబ్బరును ఉబ్బిస్తుంది. కొన్నాళ్లకు పిన్ను ఇరుక్కుపోతుంది. టార్క్ రెంచ్ లేకపోతే కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి షాపులు డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తాయి, తిరిగిస్తే డబ్బు వెనక్కి వస్తుంది.

కారు ఎత్తడం

సమతలంగా ఉన్న కాంక్రీటు మీదే చేయండి. డ్రైవ్‌వే వాలుగా ఉంటే ఈ పని అక్కడ వద్దు. తారు నేల అయితే ఎండాకాలంలో మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. టెక్సాస్, అరిజోనా లాంటి చోట్ల ఉండేవాళ్లు స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేసుకోవాలి.

కారు నేల మీద ఉండగానే, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాల నట్లు కొద్దిగా వదులు చేయండి. తర్వాత ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా అడ్డు పెట్టండి. అప్పుడు గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించేయండి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటే లోపలి గేరు మీద బిగువు ఉంటుంది, ఆలెన్ కీ తిరగదు. బలవంతంగా తిప్పితే దాని మూలలు అరిగిపోతాయి.

వెనక జాకీ పెట్టాల్సిన చోటు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాల మధ్య ఉండే గేరు పెట్టె) కేసింగ్ మధ్య భాగం. అంచుల్లో ఉండే పలుచని రెక్కల మీద పెడితే అవి విరుగుతాయి. మధ్యలో, రబ్బరు దిమ్మ అడ్డం వేసి ఎత్తండి. వెనక చక్రాలకు ముందు, గుమ్మాల కింద కారు తయారీదారు గుర్తు పెట్టిన గట్టి చోట్ల స్టాండ్లు పెట్టి, కారును వాటి మీదకు నెమ్మదిగా దించండి. ఇప్పుడు కారును పక్కనుంచి గట్టిగా తోసి చూడండి. కదిలితే మళ్లీ సర్దండి. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందకు తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకూడదు. విప్పిన చక్రాన్ని గుమ్మం కింద పడేసి ఉంచితే అదనపు రక్ష.

ముందు ఒక పక్కే విప్పండి

రెండు పక్కలా ఒకేసారి విప్పితే ఏ స్ప్రింగు ఎటు ఉందో చూసుకోవడానికి నమూనా మిగలదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది ముట్టుకోండి. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి.

బానెట్ ఎత్తి బ్రేక్ ఫ్లూయిడ్ సీసా చూడండి. పిస్టన్ లోపలికి పోయినకొద్దీ ఫ్లూయిడ్ పైకి వస్తుంది. గరిష్ఠ గీత దాకా ఉంటే సిరంజితో కొంచెం తీసేయండి. పెయింటు మీద ఒక్క బొట్టు పడినా రంగు లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

ఇప్పుడు అసలు పని. కాలిపర్ లోపలి పక్కన, అంటే కారు మధ్యకు చూసే వైపు, 14 ఎంఎం మూత బోల్టు కనిపిస్తుంది. పాతికేళ్ల కారు కాబట్టి తుప్పు ఉంటుంది. వైరు బ్రష్‌తో గీకి, నూనె చల్లి కాసేపు ఆగండి. బోల్టు విప్పాక లోపలి రంధ్రంలో బ్రేక్ క్లీనర్ కొట్టి మట్టి పోగొట్టండి. మట్టి ఉంటే కీ లోతుగా దిగదు. పైపైన పట్టిన కీ జారి, గేరు మూలలు పాడు చేస్తుంది. కీ అడుగుదాకా దిగిందని నిర్ధారించుకున్నాక, గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పండి. కొన్ని చుట్ల తర్వాత ఆగుతుంది. ఆగిన చోట ఆపేయాలి.

కాలిపర్ ఇంకా బిగించి ఉండగానే పిస్టన్‌ను వెనక్కి తీసుకుంటున్నాం. అది కదలకుండా ఉంటుంది కాబట్టి రెండు చేతులూ కీ మీదే పెట్టొచ్చు. పైగా ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య ఖాళీ ఏర్పడి, కాలిపర్ సులువుగా వస్తుంది.

తర్వాత కాలిపర్‌ను పట్టి ఉంచే గైడ్ బోల్టు విప్పండి. ఒకటి విప్పితే చాలు, కాలిపర్ రెండో పిన్ను మీద తలుపులా తెరుచుకుంటుంది. పిన్ను మీద నుంచి పూర్తిగా జార్చి తీస్తే శుభ్రం చేయడానికి వీలుగా ఉంటుంది. తీశాక తీగతో సస్పెన్షన్‌కు వేలాడదీయండి. రబ్బరు గొట్టం మీద దాని బరువు పడకూడదు. గొట్టం బయటికి బాగానే కనిపిస్తూ లోపల చిట్లిపోవచ్చు.

పాత ప్యాడ్లు చెప్పే కబుర్లు

పాత ప్యాడ్లను వెంటనే చెత్తలో వేయకండి. పక్కపక్కన పెట్టి చూడండి. కాలిపర్ ఆరోగ్యమంతా వాటి మీద రాసి ఉంటుంది.

లోపలి ప్యాడు బాగా అరిగి, బయటిది ఇంకా మందంగా ఉంటే గైడ్ పిన్నులు బిగుసుకుపోయాయి. కాలిపర్ జరగలేక పిస్టన్ వైపు ప్యాడే పనంతా చేస్తోంది. ప్యాడు ఒక చివర పలుచగా, ఇంకో చివర మందంగా అరిగితే కూడా అనుమానించాల్సింది పిన్నులనో, ప్యాడు చెవులు కూర్చునే చోట పేరుకున్న తుప్పునో. ఒక చక్రం ప్యాడ్లు రెండూ అరిగి, అవతలి చక్రానివి కొత్తగా ఉంటే హ్యాండ్‌బ్రేకు యంత్రాంగం ఒక పక్క పట్టేసి ఉండొచ్చు. కాలిపర్ వెనకున్న హ్యాండ్‌బ్రేకు చేతిని వేలితో తిప్పి వదలండి. దాని ఆపు దాకా చటుక్కున వెనక్కి రావాలి. మధ్యలో ఆగిపోతే కొత్త ప్యాడ్లు వేసి లాభం లేదు. అవీ అలాగే కాలిపోతాయి. ముందు ఆ కాలిపర్ బాగుచేయించాలి లేదా మార్చాలి. పాత మియాటాల్లో ఇది తరచుగా కనిపించే జబ్బు.

పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగినా, అక్కడ తడి కనిపించినా పని అక్కడితో ఆపండి. ఫ్లూయిడ్ కారే కాలిపర్‌ను వాడకూడదు.

డిస్కు వంతు. దాని మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో ప్యాడు రుద్దుకునే భాగంలో కొలవండి. వెర్నియర్‌తో కొలిస్తే అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డుపడి లెక్క ఎక్కువ చూపిస్తుంది. గోరుకు తగిలేంత లోతు చారలు, నీలం మచ్చలు, పగుళ్లు ఉంటే డిస్కులు కూడా మార్చడమే మంచిది. లేదంటే శుభ్రం చేసి ఉంచేయొచ్చు. చక్రం లేనప్పుడు డిస్కు హబ్ మీద వదులుగా ఊగుతుంది. రెండు చక్రం నట్లు చేత్తో బిగిస్తే సరిగ్గా కూర్చుంటుంది. దీన్ని మర్చిపోవద్దు, తర్వాత సర్దుబాటు చేసేటప్పుడు అవసరం.

శుభ్రం చేసి, కొత్తవి పెట్టడం

బ్రేకు ధూళిని నోటితోనో గాలి పైపుతోనో ఊదకండి. పాత ప్యాడ్లలో ఏముందో ఎవరు చూశారు. క్లీనర్ చల్లి తడిపి గుడ్డతో తుడవండి. గైడ్ పిన్నులు తుడిచి పలుచగా గ్రీజు రాసి, రబ్బరు తొడుగులో పెట్టి లోపలికీ బయటికీ ఆడించి చూడండి. వేలి బలానికి జారాలి. ప్యాడు చెవులు ఆనే లోహపు చోట్లు వైరు బ్రష్‌తో తెల్లబడేదాకా గీకండి. కొత్త ప్యాడు అక్కడ చేత్తో జరగాలి. సుత్తితో కొడితేనే దిగుతోందంటే తుప్పు ఇంకా మిగిలి ఉందన్నమాట.

ప్యాడు వెనక పలక మీద, చెవుల మీద గ్రీజు ఒక పొర చాలు. రుద్దుకునే ముఖం మీద గ్రీజు చెయ్యి పడకూడదు. పడితే క్లీనర్‌తో తుడవండి. షిమ్‌లు (ప్యాడు వెనక ఉండే పలుచని రేకులు), స్ప్రింగులు మీరు తీసిన ఫోటోల్లో ఉన్నట్టే కూర్చోబెట్టండి. అరుగుదల తెలిపే చిన్న రేకు పాత ప్యాడుకు ఎటు ఉందో కొత్తదానికీ అటే ఉండాలి. కాలిపర్ మూసి గైడ్ బోల్టును మీ సంవత్సరం వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు బిగించండి. ఈ బోల్టులు చక్రం నట్లంత బిగువు తట్టుకోవు.

మూడో వంతు చుట్టు

ప్యాడ్లు మార్చినా హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదని బాధపడేవాళ్లలో ఎక్కువమంది ఈ మెట్టు వదిలేసినవాళ్లే.

ఆలెన్ కీని మళ్లీ అదే రంధ్రంలో పెట్టి, ఈసారి గడియారం ముల్లు దిక్కున తిప్పండి. ప్యాడ్లు డిస్కును పట్టుకుని, చేత్తో డిస్కు తిరగని చోట ఆపండి. అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. ఆలెన్ కీకి ఆరు పక్కలు ఉంటాయి కాబట్టి లెక్క సులువు: రెండు పక్కలంత వెనక్కి. ఇప్పుడు డిస్కు చేత్తో తిరగాలి. కొత్త ప్యాడు అక్కడక్కడా సన్నగా రాసుకోవడం మామూలే, గట్టిగా పట్టకూడదు. మూత బోల్టు తిరిగి పెట్టండి. అది మట్టి, నీరు లోపలికి పోకుండా అడ్డుకునే మూత మాత్రమే, ప్రాణం పెట్టి బిగించనవసరం లేదు.

రెండో పక్క కూడా ఇలాగే పూర్తి చేయండి. తర్వాత సీట్లో కూర్చుని బ్రేకు పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. పెడల్ నేల దాకా పోతుండగా కారు కదిపితే ఆగదు.

ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగి చూడండి. 5 నుంచి 7 క్లిక్‌లలో పట్టాలి. ఎక్కువ వస్తుంటే లివర్ అడుగున ఉన్న కేబుల్ నట్టుతో సర్దొచ్చు. కానీ కాలిపర్ల సర్దుబాటు అయ్యాకే కేబుల్ జోలికి వెళ్లాలి. కాలిపర్‌లో ఖాళీ ఎక్కువగా ఉంచి కేబుల్ లాగి బిగిస్తే, కాలిపర్ చేయి ఎప్పుడూ సగం లాగి ఉంటుంది. లోపలి స్వయం సర్దుబాటు పనిచేయదు, ప్యాడ్లు డిస్కును అంటుకునే ఉంటాయి.

చక్రాలు, తర్వాత ప్యాడ్లకు అలవాటు

చక్రం నట్లు చేత్తో ఎక్కించి, కారు దించాక ఎదురెదురు వరుసలో టార్క్ రెంచ్‌తో బిగించండి. మాజ్డా చెప్పిన హద్దు 65 నుంచి 87 ఫుట్-పౌండ్లు, అంటే 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు. ఫ్లూయిడ్ మట్టం మళ్లీ చూడండి. పోయాల్సి వస్తే మూత మీద రాసిన రకమే కొత్త సీసాలోంచి పోయండి. పేరులో డాట్ ఉంది కదా అని డాట్ 5 పోయకూడదు. అది సిలికాన్, మిగతావాటితో కలవదు.

ఖాళీ వీధిలో నడక వేగంలో రెండు మూడుసార్లు ఆపి చూశాక, కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయాలి. ప్యాడ్ల తయారీదారు పద్ధతి ఇచ్చి ఉంటే అదే పాటించండి. లేకపోతే గంటకు 35 మైళ్ల నుంచి 5 మైళ్లకు, మధ్యస్థమైన ఒత్తిడితో, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యలో అర నిమిషం చల్లారనివ్వండి. తర్వాత బ్రేకు పెద్దగా వాడకుండా పది పదిహేను నిమిషాలు నడపండి. వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి నిలపొద్దు. ప్యాడు పదార్థం డిస్కు మీద ఒకేచోట ముద్రలా అంటుకుని, తర్వాత బ్రేకు తొక్కినప్పుడల్లా అదురు వస్తుంది.

వేరే స్పోర్ట్స్ కారు అయితే

ఈ ఆలెన్ కీ పద్ధతిని అన్ని కార్లకూ అన్వయించకండి. 2015-2023 మస్టాంగ్‌లో కూడా హ్యాండ్‌బ్రేకు కాలిపర్‌లోనే ఉంది, కానీ అక్కడ పిస్టన్‌ను నెడుతూ తిప్పే ప్రత్యేక పనిముట్టు కావాలి. టయోటా 86, సుబారు బీఆర్‌జడ్‌లలో హ్యాండ్‌బ్రేకుకు డిస్కు లోపల వేరే చిన్న డ్రమ్ము ఉంది, అందుకే పిస్టన్‌ను సీ-క్లాంప్‌తో నేరుగా నెట్టొచ్చు. బటన్ నొక్కితే పడే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే మోటారు పాడవుతుంది, పని మధ్యలో అది కదిలితే వేళ్లకు ప్రమాదం.

మొదటి వారం కారు నడిపి వచ్చాక రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి, ముట్టుకోకుండా, వేడి పోల్చి చూడండి. ఒకటి బాగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ పక్క ప్యాడు డిస్కును పట్టుకునే ఉంది. చక్రం ఎత్తి, మూడో వంతు చుట్టు సర్దుబాటు మళ్లీ చేయండి. దాంతోనూ తగ్గకపోతే అనుమానించాల్సింది గైడ్ పిన్నులను, హ్యాండ్‌బ్రేకు చేతిని. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక చక్రం నట్ల మీద టార్క్ రెంచ్ మరోసారి వేసి చూడండి.